ర్యామ్ పెట్టె మీది రాత: ఒక విమర్శ

గ్రంథములను, పాఠ్యపుస్తకములను విమర్శించుట అందరెరిగిన పని. ఇచ్చట విమర్శకు తీసికొన్న రచన అంతకంటె చాల చిన్నది. పట్టుమని పది మాటలుండవు. డెస్క్‌టాపు కంప్యూటరులో పెట్టు ర్యామ్‌ను అమ్మునపుడు దాని పెట్టె మీదను, దానికి అంటించిన చీటి మీదను ముద్రించు రాత అది. రచయిత పేరు ఉండదు. ఐనను దీనిని నమ్మి డబ్బు చెల్లించువారు ఊరూర ఉన్నారు. ఇందులో అంకెలు, ప్రమాణములు, సంకేతములు ఉన్నవి గనుక ఇది శాస్త్ర రచనయే. శాస్త్ర రచనకు ఉండవలసిన నియమములతోనే దీనిని పరీక్షింతము.

ఈ రాత చదువువానికి కావలసిన సమాధానము ఒక్కటే: ఈ స్టిక్కు నా మదర్‌బోర్డులో పనిచేయునా, చేయదా? (శాస్త్ర గ్రంథములలో దీనిని మాడ్యూలు అందురు. మనకు అంగడివారి ‘స్టిక్కు’ చాలును.) ఆ సమాధానము తప్పినచో కలుగు నష్టము చిన్నది కాదు. ఉన్నత పాఠశాలలలోని కంప్యూటర్లు పలుచోట్ల పాతవి. 2025 అక్టోబరు 14తో విండోస్ 10కు మైక్రోసాఫ్టువారి సాధారణ మద్దతు ముగిసినది. పాత యంత్రమును పారవేయక దానికి మరికొంత ర్యామ్ చేర్చి, లినక్సు వేసి ఇంకొన్ని ఏండ్లు నడుపుదమని పలువురు ఉపాధ్యాయులు తలచుచున్నారు, తలచుట సబబే. కాని 2025 చివరి నెలలలో ర్యామ్ ధరలు విపరీతముగా పెరిగినవి. పాఠశాల నిధి నుండి తీసిన సొమ్ముతో కొన్న స్టిక్కు బోర్డులో పలుకకున్నచో, విప్పిన పెట్టెను అంగడివారు తిరిగి పుచ్చుకొనుట అరుదు.

ర్యామ్ చిప్పులో ఒక్కొక్క బిట్టును నిలుపుటకు ఒక ట్రాన్సిస్టరు, ఒక కెపాసిటరు ఉండును. ఐబీఎమ్ సంస్థలో రాబర్ట్ డెనార్డ్ 1966లో ఈ ఏర్పాటును ఊహించినాడు. 1968లో దానికి పేటెంటు లభించినది. కెపాసిటరులో విద్యుదావేశమున్నచో 1, లేనిచో 0. చిల్లి కుండలోని నీటివలె ఆ ఆవేశము కారిపోవుచుండును. కావున డీడీఆర్4 చిప్పులలో, సాధారణ ఉష్ణోగ్రత వద్ద, ప్రతి వరుసను 64 మిల్లీ సెకనులకు ఒక మారైనను చదివి మరల నింపవలెను. ఈ పని చేయించునది స్టిక్కు కాదు. మెమరీ కంట్రోలరు అను మరియొక భాగము. 2008 ప్రాంతపు ఇంటెల్ యంత్రములలో ఇది మదర్‌బోర్డు మీది చిప్‌సెట్‌లో ఉండెడిది; ఇప్పుడు ప్రాసెసరులోనే ఉన్నది. ఏ వరుస తెరువవలెను, ఏ నిలువు గడి చదువవలెను, ఎప్పుడు నింపవలెను అన్నియు అదే ఆజ్ఞాపించును. స్టిక్కు, బోర్డు మీది తీగలు, కంట్రోలరు ఈ మూడును ఒకే భాష మాటలాడినగాని పని జరుగదు. పెట్టె మీది రాత ఈ మూటిలో ఒకదానిని గూర్చి మాత్రమే చెప్పును. అదియు సగమే చెప్పును.

ఇక ఆ రాతలోనికి పోదము. పెట్టె మీద అన్నిటికంటె పెద్ద అక్షరములలో ఉండునది వేగము: ‘డీడీఆర్4, 3200 మెగాహెర్ట్జులు’. ఇందులో 3200 సరియైనది, మెగాహెర్ట్జు తప్పు. హెర్ట్జు అనగా సెకనుకు ఎన్ని ఆవర్తనములో తెలుపు ప్రమాణము. ఈ స్టిక్కును నడుపు గడియారపు పౌనఃపున్యము 1600 మెగాహెర్ట్జులే. ఒక్కొక్క ఆవర్తనములో గడియారపు తరంగము పైకి లేచునపుడు ఒక మారు, క్రిందికి దిగునపుడు ఒక మారు దత్తాంశము బదిలీ అగును. డీడీఆర్ అను పేరులోని మొదటి ‘డీ’, అనగా ఇబ్బడి, దీనినే తెలుపుచున్నది. కట్టె కోయు రంపమును తలచుకొనుడు. రంపము పోయి వచ్చుట ఒక ఆవర్తనము. పోవునపుడును, వచ్చునపుడును కూడ కోయు పండ్లు దానికి ఉన్నచో కోతలు రెండగును గాని ఆవర్తనము ఒక్కటే. కోతలను లెక్కించి ‘నా రంపము నిమిషమునకు ఇన్నిమార్లు పోయి వచ్చును’ అని చెప్పుకొను వడ్రంగి వంటిదే ఈ పెట్టె. సెకనుకు 3200 మెగా బదిలీలు అని వ్రాయవలసినది.

ఇది అక్షర దోషము వంటి చిన్న సంగతి అని కొందరందురు. నేనట్లు తలపను. విద్యార్థి తరంగముల పాఠములో పౌనఃపున్యము నేర్చుకొనును. సాయంత్రము కంప్యూటరులో సీపీయూ-జడ్ వంటి ఉపకరణమును తెరచి చూచినపుడు మెమరీ పౌనఃపున్యము 1600 దగ్గర కనబడును. పెట్టె మీద 3200! వాడు రెండు రకములుగా తలచును: అంగడివాడు సగము సరకు ఇచ్చినాడనియైనను, పాఠములోని హెర్ట్జు వేరు, బజారులోని హెర్ట్జు వేరనియైనను. రెండవది మొదటిదానికంటె చెడ్డది.

ఈ తప్పునకు వ్యాపారులనే నిందింపరాదు. పేర్లు పెట్టినవారును కొంత కారకులే. 1998 ప్రాంతములో పీసీ100 అను ర్యామ్ వచ్చినపుడు ఆ 100 నిజముగా గడియారపు పౌనఃపున్యము, మెగాహెర్ట్జులలో. 2000లో డీడీఆర్ ప్రమాణము వెలువడిన పిమ్మట పీసీ2100 వచ్చినది. ఈ 2100 పౌనఃపున్యము కాదు. సెకనుకు ఎన్ని మెగాబైట్లు పోవునో తెలుపు సంఖ్య. సెకనుకు 266 పైచిలుకు మెగా బదిలీలు, బదిలీకి 8 బైట్లు. గుణించినచో 2133 వచ్చును, దానిని 2100 చేసినారు. అట్లే డీడీఆర్3లో 1333ను 8తో గుణించి 10600 అని కొందరు, 10666 అని కొందరు వ్రాసినారు; రెండును ఒకే సరకు. డీడీఆర్4 వచ్చునప్పటికి చిప్పుల తయారీదారులు చీటి మీద పీసీ4-2133 అని బదిలీల సంఖ్యనే వ్రాయసాగిరి. అదే సరకునకు పెట్టె మీద పీసీ4-17000 అని ముద్రించువారును ఉన్నారు. చూడుడు: పీసీ2100, పీసీ4-2133. కంటికి అన్నదమ్ములవలె ఉన్నవి. మొదటి దానిలోని అంకె మెగాబైట్లు, రెండవ దానిలోని అంకె మెగా బదిలీలు. ఒక పాఠ్యపుస్తకములో ఒకే గుర్తును ఒక పుటలో బలమునకును, మరియొక పుటలో పనికిని వాడినచో మనమూరకుందుమా?

పెద్ద అక్షరముల వేగమునకు ప్రక్కన చిన్న అక్షరములలో ‘సీఎల్ 22’ అనియో, ‘16-18-18’ అనియో ఉండును. మొదటి అంకెయే ఆలస్యము. వరుస తెరచియున్నపుడు కంట్రోలరు ‘ఈ గడి చదువుము’ అని చెప్పిన క్షణము నుండి మొదటి సమాధానము వచ్చువరకు ఎన్ని గడియారపు ఆవర్తనములు గడచునో అది చెప్పును. విద్యార్థులచే లెక్క చేయింపదగిన విషయమిది. డీడీఆర్4-3200లో ఒక ఆవర్తనమునకు 0.625 నానో సెకను. 22తో గుణించినచో 13.75 నానో సెకనులు. డీడీఆర్3-1600, సీఎల్ 11 తీసికొందము. ఒక ఆవర్తనమునకు 1.25 నానో సెకనులు, 11తో గుణించుడు. మరల 13.75! వేగము ఇబ్బడించినదని చెప్పిన రెండు తరముల నడుమ మొదటి మాటకు పట్టు కాలము వెంట్రుకవాసియు తగ్గలేదు. డీడీఆర్5-4800, సీఎల్ 40 అయినచో 16.7 నానో సెకనులు దాదాపుగా. కొంచెము పెరిగినది కూడ.

కొత్తవి పనికిమాలినవని దీని అర్థము కాదు. ఒకసారి మొదలైన పిమ్మట సమాచారము ధారగా వచ్చు రేటు నిజముగా పెరిగినది. పెద్ద బొమ్మలు, వీడియోలు, అనేక పనులు ఒకేసారి చేయు ప్రాసెసర్లు ఇందుచే లాభపడును. నీటి కాలువ వెడల్పైనది గాని తూము ఎత్తిన పిమ్మట నీరు చేనికి చేరు వేళ మారలేదు. రాత నిజాయితీగలదైనచో రెండు సంఖ్యలను ఒకే పరిమాణపు అక్షరములలో వ్రాయవలెను, రెండవదానిని నానో సెకనులలో వ్రాయవలెను. ‘22’ అని ఊరకే వ్రాసినచో అది దేని 22యో గడియారము తెలియనివానికి అర్థము కాదు. 11 కంటె 22 చెడ్డదని మోసపోవువారును ఉన్నారు.

ఇక ఇముడుట సంగతి. ఈ విషయములో నేను నిండు మనసుతో మెచ్చుకొను రాత ఒకటున్నది. అది అక్షరములలో లేదు. స్టిక్కు అడుగు అంచున పిన్నుల నడుమ కోసిన గాటు అది. డీడీఆర్‌కు 184 పిన్నులు, డీడీఆర్2కు 240, డీడీఆర్3కును 240, డీడీఆర్4కు 288, డీడీఆర్5కును 288. పిన్నుల సంఖ్య కలిసినచోట కూడ గాటు చోటు మారును. బోర్డు మీది స్లాటులో దానికి సరిపడు గడ్డ ఉండును. తరము తప్పినచో స్టిక్కు దిగనే దిగదు. దిగరాదు కూడ: డీడీఆర్2 కోరునది 1.8 వోల్టులు, డీడీఆర్3 1.5, డీడీఆర్4 1.2, డీడీఆర్5 1.1. చదువు రానివానికిని అర్థమగునట్లు, ఏ భాషలోను కాక, ఒక గాటుతో ‘నేను నీదానను కాను’ అని చెప్పించిన ఇంజనీరును మెచ్చుకొనవలెను. దిగనిదానిని బలవంతముగా నొక్కి స్లాటును విరుగగొట్టువారిని ఏ రాతయు కాపాడజాలదు.

కాని గాటు చెప్పని సంగతులున్నవి. పాత సర్వర్ల నుండి ఊడదీసిన డీడీఆర్4 స్టిక్కులు తక్కువ ధరకు దొరకును. వాటికి డెస్క్‌టాపు స్టిక్కుల గాటే ఉండును. స్లాటులో చక్కగా దిగును. అవి రిజిస్టర్డ్ రకమువైనచో మామూలు డెస్క్‌టాపు బోర్డు వాటితో లేవదు. కంట్రోలరు ఆజ్ఞలను ఒక నడిమి చిప్పు అందుకొని పంచు ఏర్పాటు వాటిలో ఉండును, ఆ మర్యాద డెస్క్‌టాపు కంట్రోలరు ఎరుగదు. డీడీఆర్5లో ఈ లోపమును సరిదిద్ది రెండు రకములకును గాటు వేరు చేసినారు.

గాటు చెప్పక, పెట్టెయు చెప్పక, పాఠశాలల డబ్బు కాజేయు సంగతి ఇంకొకటి కలదు. దీనిని కొంత వివరముగా చెప్పవలసియున్నది. మా ప్రాంతపు ఒక ఉన్నత పాఠశాల వారు ఇంటెల్ జీ41 చిప్‌సెట్ గల పాత యంత్రములకై 4 జీబీ డీడీఆర్3 స్టిక్కులు నాలుగు కొన్నారు. బోర్డు పుస్తకములో ‘డీడీఆర్3, రెండు స్లాటులు, గరిష్ఠము 8 జీబీ’ అని ఉన్నది. స్టిక్కు డీడీఆర్3, 240 పిన్నులు, 1.5 వోల్టులు, గాటు సరిపోయినది. యంత్రము లేవలేదు. అంగడివారు వాటినే మరియొక బోర్డులో పెట్టి చూపిరి, చక్కగా పనిచేసినవి. “అన్నీ కుదిరినవే కదా మాస్టారూ, మరి ఇది ఎందుకు పలుకదు?” అని అక్కడి భౌతికశాస్త్ర ఉపాధ్యాయుడు నన్నడిగినాడు.

సమాధానము నల్లని చిప్పులను లెక్కించుటలో ఉన్నది. స్టిక్కునకు, బోర్డునకు నడుమ దత్తాంశపు బాట 64 బిట్ల వెడల్పు. సామాన్యముగా ఒక్కొక్క చిప్పు 8 బిట్లు ఇచ్చును గనుక ఎనిమిది చిప్పులు కలిసి ఆ వెడల్పును నింపును. అట్టి ఒక జట్టును ర్యాంకు అందురు. 4 జీబీని రెండు విధములుగా కట్టవచ్చును. 2 గిగాబిట్ల చిప్పులు పదునారు, రెండు ర్యాంకులుగా. లేదా 4 గిగాబిట్ల చిప్పులు ఎనిమిది, ఒకే ర్యాంకుగా. మొత్తము రెండింటను ఒక్కటే. కాని చిప్పు లోపలి చిరునామా వేరు. డీడీఆర్3లో 8 బిట్ల వెడల్పు గల 2 గిగాబిట్ల చిప్పునకు వరుస సంఖ్య చెప్పుటకు 15 తీగలు చాలును. 4 గిగాబిట్ల చిప్పునకు 16 కావలెను. జీ41 కంట్రోలరు పుట్టిననాటికి దానికి ఇచ్చిన వరుస తీగలు 15 మాత్రమే. పదునారవ అంకెను పలుకుటకు దానికి నోరే లేదు. ఆ పాఠశాలవారు కొన్న స్టిక్కులకు ఒక ప్రక్కనే ఎనిమిది చిప్పులున్నవి. రెండు ప్రక్కల కలిపి పదునారు చిప్పులు గల పాత స్టిక్కులను అడిగి తెచ్చిన పిమ్మట యంత్రములు లేచినవి. కొత్తవి, చక్కనివి, తక్కువ చిప్పులవి పనికిరాక పాతవే పనికివచ్చుట వింతగా తోచును గాని ఇది నియమము ప్రకారమే జరిగినది.

ఇందు తప్పెవరిది? స్టిక్కు తయారుచేసినవారు ప్రమాణము తప్పలేదు. బోర్డు పుస్తకము అబద్ధమాడలేదు. 8 జీబీ పెట్టవచ్చును నిజమే. అంగడివారు డీడీఆర్3 అడిగినచో డీడీఆర్3 ఇచ్చిరి. అందరును నిజమే చెప్పిరి, డబ్బు మాత్రము పోయినది. విమర్శకుడు పట్టుకొనవలసిన రచనాదోషము ఇట్టిదే: అబద్ధము లేకయే పాఠకుని తప్పుదారి పట్టించు క్లుప్తత.

న్యాయముగా మరియొక మాట చెప్పవలెను. ఆ సమాచారము ఎచ్చటను ముద్రింపబడలేదని కాదు. చిప్పులను స్వయముగా తయారుచేయు సామ్‌సంగ్, ఎస్‌కే హైనిక్స్, మైక్రాన్ వంటి సంస్థలు స్టిక్కునకు అంటించు తెల్లని చీటి మీద ఒక పంక్తి ఉండును. చూచుటకు మిక్కిలి అందవిహీనము. ఉదాహరణకు: ‘8జీబీ 1ఆర్ఎక్స్8 పీసీ4-3200ఏఏ-యూఏ2-11’. మొదటిది పరిమాణము. ‘1ఆర్ఎక్స్8’ అనగా ఒక ర్యాంకు, చిప్పు ఒక్కింటికి 8 బిట్లు. కావున ఎనిమిది చిప్పులు, ఒక్కొక్కటి 8 గిగాబిట్లు అని గుణించి తెలిసికొనవచ్చును. పీసీ4 తరము, 3200 బదిలీల సంఖ్య, ‘ఏఏ’ అను జంట అక్షరములు సీఎల్ 22ను సూచించును. తరువాతి ‘యూ’ ముఖ్యము: అన్‌బఫర్డ్, అనగా డెస్క్‌టాపు రకము. అచ్చట ‘ఆర్’ ఉన్నచో సర్వరు రకము. ‘ఎస్’ ఉన్నచో ల్యాప్‌టాపునకు చేసిన పొట్టి స్టిక్కు. మిగిలినవి సర్క్యూటు పలక నమూనా, లోపలి సమాచారపు కూర్పు.

ఈ ఒక్క పంక్తిలో పొగడ్త లేదు, బొమ్మ లేదు, మెగాహెర్ట్జు లేదు. కొరుకుడు పడదు నిజమే, పాణిని సూత్రమువలె విప్పి చెప్పువాడు ఉండవలెను. కాని విప్పినచో లోపల సరకున్నది. నేను ఈ చీటిని మంచి రచన అందును. దాని మీద రంగు రేకుల కవచము కప్పి, కవచము మీద సింహపు తలను, మెరుపును వేసి, ర్యాంకుల ఊసెత్తక, వేగమును మాత్రము బొటనవ్రేలి పరిమాణములో ముద్రించు పెట్టె మంచి రచన కాదు. వెల ఎక్కువయైన సరకునకే సమాచారము తక్కువగుట ఈ వ్యాపారములోని వింత.

ఆ పెద్ద అంకెలో మరియొక మెలిక ఉన్నది. పెట్టె మీద 3600 అని ఉన్న డీడీఆర్4 స్టిక్కును బోర్డులో పెట్టి మీట నొక్కినచో అది సామాన్యముగా 2133, 2400, 2666 వంటి తక్కువ వేగముతోనే లేచును. జెడెక్ అను ప్రమాణ సంస్థ నియమించిన వేగములు, 1.2 వోల్టు ఇవి. 3600 కావలెనన్నచో బయాస్‌లోనికి పోయి ఎక్స్ఎంపీ అను అమరికను ఎంచవలెను. అప్పుడు వోల్టేజి తరచు 1.35కు పెరుగును. ఇంటెల్ వారు 2007లో డీడీఆర్3 కాలమున తెచ్చిన పద్ధతి ఇది. 2022లో ఏఎమ్‌డీ వారు డీడీఆర్5కు ఎక్స్‌పో అను పేర అట్టిదే తెచ్చిరి. రెండును ప్రాసెసరుకు హామీ ఇచ్చిన హద్దును దాటుటయే కావచ్చును. పెట్టె మీది అంకె స్టిక్కు సాధింపగల సంఖ్య. మీ యంత్రము సాధించునని కాదు. ఈ తేడా చెప్పుటకు ఒక పంక్తి చాలును. ఆ పంక్తి ఎక్కువ పెట్టెల మీద ఉండదు.

మదర్‌బోర్డు పుస్తకములు ఈ విషయములో ఇంకను దోషులు, ఏలయన అవి పది మాటలకు పరిమితమైనవి కావు, వ్రాయుటకు చోటున్నది. నాలుగు స్లాటుల బొమ్మ వేసి, పెద్ద వేగమొకటి వ్రాసి, ప్రక్కన కుండలీకరణములలో ఓవర్‌క్లాక్ అనుటకు రెండక్షరములుంచి ఊరకుందురు. నాలుగు స్లాటులను నింపినచో వేగమెంత తగ్గునో సామాన్యముగా అచ్చట ఉండదు. ఏఎమ్‌డీ రైజెన్ 7000 వరుస డెస్క్‌టాపు ప్రాసెసర్లను తీసికొనుడు. రెండు డీడీఆర్5 స్టిక్కులతో 5200 వరకు హామీ. నాలుగింటితో 3600 మాత్రమే. ఒకే తీగ మీద రెండు స్టిక్కులు వ్రేలాడినపుడు సంకేతము ఆకారము చెడును, కావున నెమ్మదిగా మాటలాడవలెను. 5200 కొరకు కొన్నవాడు రెండేండ్ల తరువాత మరి రెండు స్టిక్కులు చేర్చి వేగము పోగొట్టుకొనును. ఈ సంగతి ప్రాసెసరు వివరముల పుటలో ఉన్నది. బోర్డు కొనువాడు చదువునది బోర్డు పుస్తకము.

ప్రాసెసరు పేరు చూచి ర్యామ్ ఎంచుకొనుటయు చెల్లదు. 2021లో వచ్చిన ఇంటెల్ పన్నెండవ తరమునకు డీడీఆర్4 బోర్డులును ఉన్నవి, డీడీఆర్5 బోర్డులును ఉన్నవి. ప్రాసెసరు ఒక్కటే, సాకెట్టు ఒక్కటే, ర్యామ్ వేరు. కావున అంగడికి పోవునపుడు వ్రాసికొని పోవలసినది ప్రాసెసరు పేరు కాదు, బోర్డు మీద ముద్రించిన నమూనా పేరు. వీలైనచో లోపలి పాత స్టిక్కు చీటి ఫోటో.

బోర్డు తయారీదారులు తమ వెబ్‌సైటులో పరీక్షించిన స్టిక్కుల పట్టిక ఒకటి ఉంచుదురు. దీనిని క్యూవీఎల్ అందురు. పట్టికలో ఉన్నది పనిచేయునని నమ్మవచ్చును. లేనిది పనిచేయదని అర్థము కాదు, పరీక్షింపలేదని మాత్రమే. తర్కములో ప్రతిపాదనకు, దాని విపర్యయమునకు గల భేదము గణిత ఉపాధ్యాయులు ఇంతకంటె మంచి ఉదాహరణతో చెప్పలేరు. కాని పట్టికకు పైన ఆ సంగతి స్పష్టముగా వ్రాయవచ్చును గదా. పైగా ఒకే నమూనా పేరుతో అమ్ము స్టిక్కులలో కాలక్రమమున లోపలి చిప్పులు మారుటయు కలదు.

ఇంతవరకు మనుష్యులు చదువు రాతను విమర్శించితిని. యంత్రము చదువు రాత ఒకటి స్టిక్కు మీదనే ఉన్నది. అంచున ఎనిమిది కాళ్ళ చిన్న చిప్పు కనబడును. అందులో డీడీఆర్4కు 512 బైట్ల సమాచారము ఉండును. తరము, చిప్పు పరిమాణము, ర్యాంకులు, వరుస తీగలెన్ని, ఏ వేగమునకు ఎంత ఆలస్యము అన్నియు అందులో వ్రాసియుండును. మీట నొక్కిన వెంటనే బయాస్ మొదట చదువునది దానినే. ఎస్‌పీడీ అను ఈ రచనలో అతిశయోక్తి ఉండుటకు వీలులేదు. అతిశయోక్తి ఉన్నచో యంత్రము లేవదు. లినక్సులో డీఎంఐడీకోడ్ అను ఆజ్ఞ, విండోస్‌లో సీపీయూ-జడ్ ఇందలి ముఖ్యాంశములను తెర మీద చూపును. ఒక తరగతిలో నాలుగు యంత్రములను తెరచి, చీటి మీది పంక్తిని ఒకరిచే, తెర మీది అంకెలను ఒకరిచే వ్రాయించి, ఆలస్యమును నానో సెకనులలో లెక్కింపజేసినచో ఒక పీరియడు చాలును, ఖర్చేమియు లేదు. ర్యామ్‌ను ముట్టుకొనుటకు ముందు తీగ పెరికి, యంత్రపు ఇనుప పెట్టెను ఒకసారి తాకుట మరువరాదు. చేతిలోని స్థిర విద్యుత్తు చిప్పులకు చేటు.

మెగాహెర్ట్జు విషయములో కొంత మేలు జరిగినది. 2024లో విండోస్ 11 టాస్క్ మేనేజరులో మెమరీ వేగమునకు మెగాహెర్ట్జులు తీసివేసి మెగా బదిలీలు పెట్టసాగిరి. డీఎంఐడీకోడ్ అంతకు ముందే మారినది. పెట్టెలు ఇంకను మారవలసియున్నది.

దోషములెన్నినవాడు తానైన ఎట్లు వ్రాయునో చూపుట విమర్శకు మర్యాద. 3200 అని అమ్ము 8 జీబీ స్టిక్కునకు నేనిట్లు వ్రాయుదును: ‘డీడీఆర్4, డెస్క్‌టాపు రకము, అన్‌బఫర్డ్. 8 జీబీ, ఒక ర్యాంకు, 8 గిగాబిట్ల చిప్పులు ఎనిమిది. పెట్టిన వెంటనే: 1.2 వోల్టులలో సెకనుకు 2666 మెగా బదిలీలు, ఆలస్యము 14.25 నానో సెకనులు. ప్రాసెసరు, బోర్డు ఒప్పుకొన్నచో ఎక్స్ఎంపీతో: 1.35 వోల్టులలో 3200, ఆలస్యము 10 నానో సెకనులు.’ అంగడిలో ఒక పెట్టె మీద కొలిచి చూచితిని. సింహపు తలకు ఇచ్చిన చోటులో ఇది రెండు భాషలలో పట్టును.